శనికి 206 పళ్లు

పాత సౌరకుటుంబ యంత్రాలు సేకరించేవాళ్ల చూపు ముందు పైన మెరిసే ఇత్తడి సూర్యుడి మీదా, కడ్డీల చివర నిలిచిన దంతపు గోళాల మీదా పడుతుంది. నాకు మాత్రం పళ్లెం కిందికి తొంగిచూస్తే గాని తృప్తి ఉండదు. పైన కనిపించేది చాలావరకు అబద్ధమే మరి. పది లక్షల కిలోమీటర్లను ఒక్క మిల్లీమీటరుకు కుదిస్తే సూర్యుడి అడ్డుకొలత మిల్లీమీటరున్నర కూడా రాదు, భూమి కంటికే ఆనదు, శని మాత్రం దాదాపు మీటరున్నర దూరంలో ఉండాలి. బల్ల మీది యంత్రంలో ఇది కుదిరే పని కాదు. అందుకే పరిమాణాల్లో, దూరాల్లో పనివాడు రాజీ పడతాడు. రాజీ పడకూడనిది ఒక్కటే: భూమి ఒక చుట్టు తిరిగేసరికి తక్కిన గ్రహాలు ఎంతెంత తిరగాలన్నది. ఆ సంగతి పళ్లచక్రాలు చెబుతాయి.

చిక్కంతా అక్కడే. ఏలినాటి శని లెక్క తెలిసినవాళ్లు ఎవరైనా రాశికి రెండున్నరేళ్లు, పన్నెండు రాశులకు ముప్పై ఏళ్లు అని నోటితో చెప్పేస్తారు. ఆ లెక్కన 7 పళ్ల చిన్న చక్రం, అంటే పినియన్‌తో 210 పళ్ల చక్రాన్ని తిప్పితే సరిపోవాలి. కానీ శని చుట్టుకు పట్టేది 29 ఏళ్ల ఐదు నెలల పైచిలుకు. ముప్పై అని సరిపెట్టుకుంటే చుట్టు చుట్టుకీ ఆరు నెలలకు పైగా తేడా వస్తుంది. పోనీ కచ్చితంగా పెడదామా అంటే, చక్రానికి అర పన్నూ పావు పన్నూ కోయలేం.

ఈ ముడిని విప్పినవాడు డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్. లోలకం గడియారం తయారుచేసిందీ, శని చుట్టూ కనిపించేది వలయమని తేల్చిందీ ఆయనే. ఏడాదిలో భూమి తిరిగే కోణానికీ శని తిరిగే కోణానికీ ఆయన దగ్గరున్న నిష్పత్తి 7,77,08,431 కి 26,40,858. అన్ని పళ్లు కోసే మొనగాడు ఏ గడియారాల వీధిలోనూ దొరకడు. హైగెన్స్ అప్పుడు చేసింది గ.సా.భా. కోసం మనం బళ్లో నేర్చుకున్న భాగహారమే. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే 29. వచ్చిన శేషంతో చిన్నదాన్ని భాగిస్తే 2. మళ్లీ కొత్త శేషంతో పాత శేషాన్ని భాగిస్తే ఇంకో 2. ఆ తర్వాత 1, ఆపైన 5. బళ్లో మన ధ్యాసంతా శేషం మీదే, అది సున్నా అయిందా లేదా అని. హైగెన్స్ మాత్రం భాగఫలాలను పట్టుకున్నాడు.

వాటిని ఎక్కడికక్కడ ఆపి, కింది నుంచి పైకి భిన్నంగా కట్టుకుంటూ వస్తే మజా తెలుస్తుంది. రెండో మెట్టు దగ్గర ఆగితే 59/2. చుట్టుకు 27 రోజుల ఆలస్యం. మూడో మెట్టు 147/5. ఈసారి తొమ్మిది రోజులు ముందుకు తోసేస్తుంది. నాలుగో మెట్టు 206/7. తేడా ఒక్క రోజు పైచిలుకు, అదీ 29 ఏళ్లకు! ఇంకో మెట్టు ఎక్కితే 1177/40 వస్తుంది గానీ, అన్ని పళ్ల చక్రం ఎవడు కోస్తాడు? ఆగాల్సిన చోటును కూడా ఆ భాగఫలాలే చూపిస్తాయి. తర్వాత వచ్చే భాగఫలం పెద్దదైన కొద్దీ దాని ముందు ఆగిన భిన్నం అసలుకు అంత దగ్గరగా ఉంటుంది. ఇక్కడ తర్వాతిది 5. అందుకే 7 పళ్ల పినియన్, 206 పళ్ల చక్రం. హేగ్ నగరపు గడియారాల పనివాడు యోహానెస్ వాన్ కోలెన్ 1682లో ఆ యంత్రాన్ని చేసిపెట్టాడు. ఇప్పుడది లైడెన్‌లోని బూర్‌హావే మ్యూజియంలో ఉంది.

తర్వాతి కథ చకచకా నడిచింది. లండన్‌లో జార్జ్ గ్రాహం చేసిన నమూనాను చూసి జాన్ రౌలీ ఆరరీ ప్రభువు కోసం మరొకటి చేశాడు. ఈ యంత్రాలకు పేరు మాత్రం ప్రభువుది నిలిచింది. ఫ్రానెకర్‌లో ఉన్ని దువ్వుకుని బతికే ఐసె ఐసింగ 1774 నుంచి 1781 దాకా తన ఇంటి పైకప్పుకే గ్రహాలను బిగించాడు. ఆ పని ముగిసిన ఏడే హెర్షెల్ యురేనస్‌ను కనిపెట్టాడు. దానికి ఆ కప్పు మీద చోటు లేదు. జోన్స్ సోదరులు చేత్తో పట్టుకుపోగల చవక రకాలు అమ్మారు. వాటిలో దూరపు గ్రహాలను చాలావరకు వేలితో జరుపుకోవాల్సిందే.

కొనబోయేవాళ్లకు ఒక మాట. యురేనస్ లేకపోతే 1781కి ముందుదని, నెప్ట్యూన్ ఉంటే 1846 తర్వాతదని అమ్మేవాళ్లు చెబుతారు. నమ్మేయకండి. గోళాన్ని ఎప్పుడైనా అతికించొచ్చు, ఊడబీకొచ్చు. ఇత్తడికి పాలిష్ పెట్టడం ఎంతసేపు? చక్రం మార్చాలంటే మాత్రం లెక్క మొదటికొస్తుంది. శని చక్రంలో ఒక పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టి, మళ్లీ ఆ గుర్తు వచ్చేదాకా లెక్కపెట్టండి. పినియన్ పళ్లతో భాగించండి. ముప్పై వస్తే బేరం తగ్గించండి. 29.4 దరిదాపుల్లో ఏదైనా వస్తే, ఆ పనివాడెవరో లెక్క తెలిసినవాడు.