కడక్ రొట్టె తినలేని షోలాపూర్ మనిషి

మన షోలాపూర్‌ల పుట్టి పెరిగి కడక్ రొట్టె, శేంగా చట్నీ తినలేని మనిషి ఉంటడా? ఉన్నడు, నేనే. నాలుగేండ్ల సంది రొట్టెను పప్పుల నానబెట్టుకొని మింగుతున్న. మొన్న మనవడు చూసి “తాతా, నీకు గూడ పాల పండ్లు ఊడినయా?” అని అడిగిండు. ఇంట్ల అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన, నోరు మూసుకొని.

ముప్పై ఆరేండ్లు సాంచాల మీద పనిచేసిన. అండ్ల సగం రాత్రి పాళీలే. రెండు గంటలప్పుడు కండ్లు మూతపడుతుంటయి. దారం తెగితే మాలు ఖరాబు, పగారల కోత. అందుకని అందరిలెక్కనే నేను గూడ తంబాకుల సున్నం నలిచి దవడకు పెట్టుకున్న. కార్ఖానా చప్పుడుల ఎట్లాగు మాట వినపడది, సైగలతోనే పని. నోరు తెరిచే అవసరమే లేకపాయె. కుడి దవడకు పెట్టేటోన్ని, కుడి దిక్కు పండ్లే ముందు కదిలినయి.

నా సంగతి అట్లుంచుండ్రి. అసలు చెప్పాలనుకున్నది మా ఇంటామె సంగతి. ఆమెను అడిగే రాస్తున్న.

ఆమె పదమూడేండ్ల వయసు నుంచి బీడీలు చేస్తది. ఒళ్లో చాట, చాటల తంబాకు. మన వాడల ఆడోళ్లకు మిశ్రీ ఎట్ల అలవాటైతదో తెలువనిది కాదు. తంబాకును పెంక మీద నల్లగ కాల్చి, పొడి చేసి, డబ్బల పోసిపెట్టుకుంటరు. మొదలు పొద్దున పండ్లు తోముకునేటందుకే. పన్ను నొప్పి లేస్తే కొంచెం రుద్దితే తిమ్మిరెక్కి నొప్పి తెలువది, అందుకని మందు అనుకుంటరు. తర్వాత అన్నం తిన్నంక ఒకసారి, పండుకునే ముంగట ఒకసారి. చివరికి మిశ్రీ రుద్దనిది సండాసుకు గూడ పోబుద్ధి కాదు. అది పండ్లపొడి కాదు, నోట్ల పెట్టుకున్న తంబాకే. 1992లనే కేంద్ర సర్కారు పండ్లపొడిల, పేస్టుల తంబాకు కలపొద్దని బందు పెట్టింది. 2012ల మన మహారాష్ట్రల గుట్కా బందయింది. గాని ఇంట్ల పెంక మీద కాల్చుకునేదాన్ని ఏ సర్కారు వచ్చి ఆపుతది?

రెండేండ్ల కింద ఆమెకు కూరల కారం తగిలితే బుగ్గ మండుడు మొదలైంది. లవంగం నూనె పెట్టుకుంది. గల్లీ మూల మీది డాక్టరు రెండు నెలలు రంగు రంగు గోళీలిచ్చిండు గాని ఒక్కనాడు బ్యాటరీ ఏసి నోట్లకు చూడలే. కోడలు చూసింది. బుగ్గ లోపట తెల్లటి మచ్చ, గీకితే పోతలేదు.

సివిల్ దవాఖానాకు తీసుకపోయినం. అక్కడి పండ్ల డాక్టరమ్మ మూడు వేళ్లు నిలువుగ నోట్ల పెట్టుకొమ్మన్నది. రెండే పట్టినయి. కొంచెం ముక్క తీసి పరీక్షకు పంపింది. ఎనిమిది రోజులు ఆగాలె అన్నరు. ఆ ఎనిమిది రోజులు ఇంట్ల పొయ్యి మండింది గాని ఎవ్వరికి అన్నం దిగలే. ఆమె మాత్రం రోజు లెక్క ప్రకారం బీడీలు చేసింది.

క్యాన్సర్ కాదని వచ్చింది. కాని ఇట్లనే సాగితే అయితదని డాక్టరమ్మ ముఖం మీదనే చెప్పింది. ఇంటికొచ్చి డబ్బ పారేసినం. ఇరవై రోజులకు మళ్ల ఒక చిటికెడు. నేను కోపానికొస్తే ఆమె అన్నది, “పొద్దంత చేతుల తంబాకు, నోట్ల వద్దంటే ఎట్లనయ్యా?” నా దగ్గర జవాబు లేదు. నేను గూడ అప్పుడు దవడకు పెట్టుడు మానలే మరి. ఆ రోజు సంది ఇద్దరం ఒక్కసారి మొదలుపెట్టినం. సోపు, లవంగం నమిలినం. తంబాకు పొట్లాల మీద ఉండే 1800-11-2356 నంబరుకు కొడుకు ఫోన్ కలిపిచ్చిండు, పైసలు పడవు. నేను మానిన. ఆమె నాలుగుసార్లు తప్పింది, ఐదోసారి నిలబడ్డది.

డాక్టరమ్మ చెప్పినయి నాకు యాదికున్న కాడికి రాస్తున్న. నోట్ల పుండు రెండు వారాలకు మానకపోయినా, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ కనపడినా, నోరు తెరుచుడు తగ్గినా నొప్పి లేదని ఊకోవద్దు, మొదలు నొప్పి ఉండదు. మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు శెనగగింజంత, పొద్దున, రాత్రి. రాత్రిదే ముఖ్యమట, మనం అదే మరుస్తం. బొగ్గు, ఇటుకపొడి రుద్దితే పన్ను మీది గట్టి పొర అరిగిపోతది. షుగర్ ఉన్నోళ్ల చిగుర్లు జల్ది చెడుతయి, చిగుర్లు చెడితే షుగర్ అదుపుల ఉండది. కట్టుడు పండ్లున్నోళ్లు రాత్రి తీసి, తోమి, చల్లటి నీళ్లల వెయ్యాలె; మసిలే నీళ్లు పోస్తే వంకర పోతయి. ఒక్క పన్ను లేకున్నా చిగుర్లు, నాలిక తుడుసుకోవాలె.

పెద్ద రోగమైతే ముంబై పోవాలని భయపడి చానామంది ఇంట్లనే కూసుంటరు. మన జిల్లాల బార్శీలనే నర్గీస్ దత్ పేరు మీద క్యాన్సర్ దవాఖానా ఉన్నది.

మొన్న రాఖీ పున్నమనాడు మార్కండేయ స్వామి రథం ముంగట పాత కార్ఖానా దోస్తులు కలిసిండ్రు. ఫోటో దిగుదమంటే అందరం పెదవులు బిగబట్టి నిలబడ్డం. ఒకడు “యాభై ఏండ్లు దవడల దాచుకున్నం, ఇప్పుడు పండ్లు దాచుకుంటున్నం” అన్నడు.

వచ్చే సోమవారం ఆమెను మూడు నెలల పరీక్షకు తీసుకపోవాలె. నాకు గూడ పండ్ల కొలత అప్పుడే తీస్తమన్నరు. కొడుకు ఇప్పటినుంచే కడక్ రొట్టెల కట్ట తెచ్చి అల్మారిల పెట్టిండు.