సెప్టెంబర్ 2: తేదీ ఒకటే, రోజు మాత్రం ఒకటి కాదు!

మీ దగ్గర లినక్స్ గానీ మ్యాక్ గానీ ఉంటే ఓ చిన్న ప్రయోగం చేసి చూడండి. టెర్మినల్ తెరిచి సి-ఏ-ఎల్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, స్పేస్ ఇచ్చి 9, మళ్ళీ స్పేస్ ఇచ్చి 1752 అని కొట్టండి. 1752 సెప్టెంబర్ నెల క్యాలెండర్ వస్తుంది. మొదటి వరుసలో 1, 2, ఆ వెంటనే 14, 15, 16! ప్రోగ్రామ్ పాడైందనుకోకండి. బ్రిటన్‌లో ఆ ఏడాది సెప్టెంబర్ 2 బుధవారం రాత్రి పడుకున్నవాళ్ళు నిజంగానే సెప్టెంబర్ 14 గురువారం నాడు నిద్ర లేచారు. మధ్యలో 11 తేదీలు లేనే లేవు.

నేను బ్రిటన్‌లో ఐటీ కన్సల్టెంట్‌ని. పాత డేటాను ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు మార్చే పని తరచూ తగులుతూ ఉంటుంది. అందులో ఎక్కువ తలనొప్పి తెచ్చేవి తేదీలే. అందుకే పేపర్లలో "చరిత్రలో ఈ రోజు" అనే శీర్షిక కనబడితే నా చూపు సంఘటన మీద కాక తేదీ మీద పడుతుంది. ఈసారి సెప్టెంబర్ 2నే ఉదాహరణగా తీసుకుందాం. జాబితా ఇలా ఉంటుంది:

1666 – లండన్ మహా అగ్నిప్రమాదం మొదలైంది.
1945 – జపాన్ లొంగుబాటు పత్రాల మీద సంతకాలు. అదే రోజు హనోయ్‌లో హో చి మిన్ వియత్నాం స్వాతంత్ర్య ప్రకటన.
1946 – ఢిల్లీలో నెహ్రూ నాయకత్వాన తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటు.
1956 – మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి ఘోర రైలు ప్రమాదం.
2009 – హెలికాప్టర్ ప్రమాదంలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మృతి.

చూడటానికి అన్నీ ఒకే రోజువి. కానీ కాస్త తవ్వితే...

ఆదివారమా, గురువారమా?

లండన్ తగలబడటం మొదలైంది ఆదివారం నాడు. ఆనాటి శామ్యూల్ పెపీస్ డైరీలో కూడా అలాగే ఉంది. ఇప్పుడు పైథాన్‌ను 1666 సెప్టెంబర్ 2 ఏ వారం అని అడగండి. గురువారం అంటుంది! ఇద్దరిదీ తప్పు కాదు. పెపీస్ వాడింది జూలియన్ క్యాలెండర్. పైథాన్ వాడేది గ్రెగోరియన్ క్యాలెండర్, అది కూడా ఆ పద్ధతి పుట్టకముందు కాలానికి సైతం వర్తింపజేస్తుంది. మన ఇప్పటి లెక్కలో ఆ మంటలు మొదలైంది సెప్టెంబర్ 12న.

జూలియన్ పద్ధతిలో ఏడాదికి 365 రోజుల 6 గంటలు. అసలు సంవత్సరం అంతకంటే 11 నిమిషాలు తక్కువ. ఈ తేడా సుమారు 128 ఏళ్ళకు ఒక రోజవుతుంది. దీన్ని సరిచేయడానికి 1582లో పోప్ 13వ గ్రెగరీ అక్టోబర్ 4 తర్వాత నేరుగా అక్టోబర్ 15 వచ్చేలా చేశారు. ఇటలీ, స్పెయిన్ వెంటనే పాటించాయి. ప్రొటెస్టెంట్ ఇంగ్లండు మాత్రం పోప్ మాట మనకెందుకని 170 ఏళ్ళు కూర్చుంది. రష్యా 1918లో గానీ మారలేదు. అందుకే వాళ్ళ "అక్టోబర్ విప్లవం" మనకు నవంబర్ 7న వస్తుంది.

మన దగ్గరా ఈ చిక్కు ఉంది. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకున్నారు. ఆనాటి ఇంగ్లీషు దస్తావేజులకూ ఫ్రెంచి దస్తావేజులకూ తేదీల్లో 11 రోజుల తేడా ఉంటుంది. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధానికి వచ్చేసరికి ఆ తగవు లేదు, అప్పటికి ఇద్దరిదీ ఒకే క్యాలెండర్!

షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఒకే రోజున, 1616 ఏప్రిల్ 23న పోయారని చదివే ఉంటారు. షేక్‌స్పియర్ తేదీ జూలియన్, గ్రెగోరియన్‌లో అది మే 3. సెర్వాంటెస్ ముందురోజే పోయారు, 23 ఆయన్ను ఖననం చేసిన రోజు. అంటే ఇద్దరి మరణాలకూ మధ్య 11 రోజులు!

1752 నాటి డేటా మైగ్రేషన్

బ్రిటన్‌లో ఈ మార్పు తెచ్చిన చట్టం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. తేదీ పేరు మారినంత మాత్రాన గడువులు ముందుకు జరగకూడదని అందులో స్పష్టంగా రాశారు. అద్దెలు, అప్పులు, మైనారిటీ తీరే వయసు అన్నీ నిజంగా గడిచిన రోజుల లెక్కనే. సెప్టెంబర్ 20న కట్టాల్సిన అద్దెను 11 రోజులు ముందుగా వసూలు చేయడానికి వీల్లేదన్నమాట. గడువు వేరు, తేదీ అనే చీటీ వేరు అన్న సంగతి వాళ్ళకు బాగా తెలుసు. "మా 11 రోజులు మాకిచ్చేయండి" అంటూ జనం అల్లర్లు చేశారనే కథ ప్రచారంలో ఉంది గానీ, దానికి గట్టి ఆధారాలు లేవు. 1755 నాటి హోగార్త్ వ్యంగ్య చిత్రంలోని ఒక బ్యానర్ వల్ల ఆ కథ బలపడింది.

ఆ మార్పు గుర్తులు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఇండియాలో ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలైతే, బ్రిటన్‌లో పన్నుల సంవత్సరం విడ్డూరంగా ఏప్రిల్ 6న మొదలవుతుంది. పాత సంవత్సరాది మార్చి 25కు 11 రోజులు కలిపితే ఏప్రిల్ 5. మిగిలిన ఆ ఒక్క రోజు గురించి మాత్రం చరిత్రకారుల్లో రెండు వాదనలున్నాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పాత డేట్‌టైమ్ రకం 1753 జనవరి 1కి ముందు తేదీలను తీసుకోకపోవడానికి కారణం కూడా ఈ 1752 గొడవే.

క్యాలెండర్ ఒకటైనా...

సరే, ఇప్పుడు ప్రపంచమంతా దాదాపు ఒకే క్యాలెండర్ కదా, ఇక ఇబ్బందేముంది అంటారా? 1945 చూడండి. టోక్యో అఖాతంలో మిస్సోరీ నౌక మీద సంతకాలు జరిగింది సెప్టెంబర్ 2 ఉదయం 9 దాటాక. అప్పటికి లండన్‌లో రాత్రి 1 దాటింది. వాషింగ్టన్‌లో ఇంకా సెప్టెంబర్ 1 సాయంత్రమే. ట్రూమన్ ఆ సందర్భంగా చేసిన రేడియో ప్రసంగం అమెరికా రికార్డుల్లో సెప్టెంబర్ 1 తేదీతోనే ఉంది.

ఇక 2009. ఆ రోజుల్లో నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. సెప్టెంబర్ 2 ఉదయం బేగంపేటలో బయల్దేరిన హెలికాప్టర్ జాడ తెలియక రాష్ట్రమంతా రాత్రి దాకా టీవీల ముందే కూర్చుంది. నల్లమలలో శకలాలు కనబడింది, మరణవార్త ప్రకటించింది సెప్టెంబర్ 3న. జరిగిన తేదీ ఒకటి, తెలిసిన తేదీ ఇంకొకటి. డేటాబేస్‌లో ఒకటే కాలమ్ పెడితే ఈ రెంటిలో ఒకటి పోతుంది.

మా నాన్నగారు పోయింది విజయవాడలో, డిసెంబర్ నెలలో ఒక తెల్లవారుజామున 2 గంటలకు. ఇక్కడ నాకు ఫోన్ వచ్చేసరికి ముందురోజు రాత్రి తొమ్మిది కాలేదు. ఆసుపత్రి సర్టిఫికెట్‌లో ఒక తేదీ, నా ఫోన్లో ఇంకో తేదీ. సూర్యోదయం కాలేదు కాబట్టి పంచాంగం ప్రకారం వారం కూడా ముందురోజుదే. పురోహితుడు గారు మాత్రం తేదీ అడగలేదు, ఏ ఊళ్ళో ఎన్ని గంటలకని అడిగి తిథి చెప్పారు. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా తిథి మారుతుంది కాబట్టి, ఒక క్షణానికి విజయవాడలోనైనా లండన్‌లోనైనా తిథి ఒకటే. ఏటా ఆబ్దికం ఏ రోజున పెట్టాలన్నది మాత్రం మళ్ళీ మనం ఉన్న ఊరి సమయాల మీద ఆధారపడుతుంది.

మరి ఏం చేయాలి?

మీరు వంశవృక్షం తయారు చేస్తున్నా, పాత రికార్డులు కంప్యూటర్‌కెక్కిస్తున్నా ఈ నాలుగూ పాటించండి.

1. కాగితంలో తేదీ ఎలా ఉంటే అలాగే ఒక కాలమ్‌లో ఉంచండి. మార్చిన తేదీ పక్క కాలమ్‌లో రాయండి.
2. ఏ క్యాలెండర్, ఏ ఊరు అన్నది తేదీతోపాటే రాయండి.
3. జరిగిన తేదీ, నమోదైన తేదీ విడివిడిగా ఉంచండి.
4. పుట్టినరోజు లాంటి వాటికి గంటలు, టైమ్‌జోన్ తగిలించకండి. ఇండియా అర్ధరాత్రిని బ్రిటన్ సమయానికి మారిస్తే పుట్టినరోజు ఒక రోజు వెనక్కి పోతుంది!

ఈసారి ఎవరైనా "ఈ రెండూ ఒకే రోజున జరిగాయి, తెలుసా?" అంటే, ఎవరి క్యాలెండర్ ప్రకారమో, ఎక్కడి గడియారం ప్రకారమో అడిగి చూడండి. కబుర్లు మరో గంట సాగుతాయి.