సూక్ష్మజీవి పొదుపు

వండిన అన్నము గిన్నెలో నుండగా ఏ యిల్లాలును మరల ఎసరు పెట్టదు. కంటికి కానరాని బాక్టీరియాయు ఈ నీతినే పాటించుచున్నది.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ మొనో బాక్టీరియాకు గ్లూకోజును, మరియొక చక్కెరను కలిపి యిచ్చి చూచెను. అవి మొదట గ్లూకోజునే భుజించెను. అది తీరిన పిదప పెరుగుదల కొంతసేపు నిలిచి, మరల సాగెను. రెండవ చక్కెరకు వలయు ఎంజైములు ఆ విరామములో తయారైనవి. అవసరము లేనప్పుడు జన్యువులు ఎట్లు మూతపడి యుండునో మొనో, ఫ్రాంస్వా జాకబ్ 1961లో వివరించిరి. ఆంద్రె ల్వోఫ్‌తో కలిసి వారు 1965లో నోబెల్ బహుమానము నందిరి.

ఈ పొదుపు ఆహారముతో ముగియదు, విటమినులకును వర్తించును. బి12 విటమినును మొక్కలు గాని జంతువులు గాని చేయజాలవు. బాక్టీరియా వంటి సూక్ష్మజీవులే చేయగలవు. కలుషితాహారము వలన మనకు అతిసారము కలిగించు సాల్మొనెల్లా ఇందుకై ఇంచుమించు 30 జన్యువులను వినియోగించును. అదియు ప్రాణవాయువు లేని చోటనే యని 1984లో తేలినది.

ఇంత వ్యయము దేనికి? మొక్కలలోని రామ్నోజు, ప్రేగుల జిగురులోని ఫ్యూకోజు అను చక్కెరలు పులిసినపుడు ప్రొపేన్‌డయోల్ అను పదార్థము మిగులును. దానిని ఆహారముగా మార్చు ఎంజైము బి12 లేనిదే పనిచేయదు. కావుననే ఆహారపు జన్యువులు, విటమిను జన్యువులు ఇరుగుపొరుగున నున్నవి. ప్రొపేన్‌డయోల్ లభించగానే పోక్-ఆర్ అను ప్రోటీను ఒక్కటే రెండింటిని మేల్కొలుపును. గ్లూకోజు సమృద్ధిగా నున్నచో రెండును అణగియుండును. విటమిను చాలినంత తయారైనచో, అదియే జన్యువుల యాజ్ఞను మోయు ఆర్.ఎన్.ఏ.ను అంటుకొని ఉత్పత్తిని ఆపివేయును. ఇట్టి మీటలను శాస్త్రజ్ఞులు 2002లో గుర్తించిరి.

ఇందు మనకేమి సంబంధమని శ్రోతలు అడుగవచ్చును. బి12 కొరవడినచో రక్తము క్షీణించును, నరములు దెబ్బతినును. మన పెద్దప్రేగులోని బాక్టీరియా దానిని చేయుచునే యున్నవి. కాని మన శరీరము దానిని గ్రహించునది అంతకు ముందున్న చిన్నప్రేగు చివరనే. కావున ఆ సంపద మనకు దక్కకయే పోవును. పాలు, గ్రుడ్లు, మాంసము ముట్టనివారు వైద్యుని సలహాపై ఈ విటమినును మాత్రల రూపమున పొందవలసి యుండును. ఆ మాత్రలలోని విటమినును సయితము కర్మాగారపు తొట్లలో పెంచిన బాక్టీరియాయే తయారుచేయును. కాని అది తనకు చాలినంతయే చేసి ఊరకుండును. మనకో, అంతకు మించి కావలెను. దాని పొదుపు రహస్యము తెలిసినచో దానిచే అధికముగా చేయించుట సులభమగును.