జత కుదరనప్పుడు

సంతలో రైతు ఎద్దును చూడగానే డబ్బు లెక్కపెట్టడు. ఇంట్లో ఉన్నదాని ఎత్తుకు ఇది సరిపోతుందా, దాని నడకకు దీని నడక కలుస్తుందా అని చూస్తాడు. రెండూ మంచివే కావచ్చు. అయినా ఒకటి ముందుకు లాగి మరొకటి వెనుకబడితే మెడలు పుండ్లు పడతాయి, సాలు వంకరపోతుంది. విజ్జోడు అన్న మాట మన పాఠకులకు కొత్తది కాదు. చూపులేనివారికి తోడు నడిచే కుక్కల విషయంలోనూ చిక్కు ఇదే.

ఇలాంటి కుక్కలను తయారుచేసే బడిని జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో 1916లో తెరిచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం అది ఏర్పడింది. 1928లో మారిస్ ఫ్రాంక్ అనే అమెరికా యువకుడు స్విట్జర్లాండు వెళ్లి, డొరొతీ యూస్టిస్ అనే ఆమె నడిపే కేంద్రంలో బడ్డీ అనే కుక్కతో నడక నేర్చుకుని స్వదేశానికి వచ్చాడు. 1929లో వారి పూనికతో అమెరికాలో 'సీయింగ్ ఐ' సంస్థ మొదలైంది.

కుక్కే దారి చూపి తీసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. దారి తెలిసినది మనిషికే. ఎక్కడ తిరగాలో అతడు చెబుతాడు. మెట్టు వస్తే, గుంత వస్తే, అడ్డంగా ఏదైనా ఉంటే కుక్క ఆగుతుంది లేక తప్పిస్తుంది. రోడ్డు దాటేటప్పుడు వాహనాల చప్పుడు విని 'ముందుకు' అనేది కూడా మనిషే. అయితే ఎదురుగా బండి వస్తుంటే ఆ మాట వినకుండా నిలబడిపోవడం కుక్కకు నేర్పుతారు. ఆ ఒక్క క్షణం అతడు దానిని నమ్మాలి. నమ్మక లాగాడా, ప్రాణానికే ముప్పు.

అందుకే బడులవారు జత కూర్చడానికి అంత శ్రమపడతారు. శిక్షకుడు తానే కుక్క స్థానంలో నిలబడి, ఖాళీ పట్టీ పిడిని ఆ వ్యక్తి చేతికిచ్చి నడిపిస్తాడు. ఎంత వేగంగా నడుస్తాడు, ఎంత లాగుడు ఓర్చుకోగలడు అని చూస్తాడు. ఎత్తు, బలం, గొంతు, ఇంట్లో పసిపిల్లలున్నారా, రోజూ ఏ దారిన పోతాడు అని కూడా విచారిస్తారు. తరువాత కొన్ని వారాలపాటు ఇద్దరికీ కలిపి శిక్షణ ఇస్తారు. మన మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ కేంద్రంలో కూడా కుక్కలతోపాటు వాటిని నడిపే సిబ్బందికి కలిపే నేర్పుతారు.

ఇంత చేసినా కొన్ని జతలు కుదరవు. కుక్క చురుకుగా ఉండి వృద్ధుని ఈడ్చుకుపోవచ్చు. మెత్తని స్వభావం గల కుక్క గట్టి గొంతు విని ముడుచుకుపోవచ్చు. పట్టీ తీయగానే తోక కూడా ఊపక, ఆవులిస్తూ, పెదవులు నాకుతూ వెనక్కి జంకుతుంటే అది భయపడుతున్నదని అనుభవజ్ఞులు గ్రహిస్తారు. ఇటు మనిషి కూడా ఏదో వంక చెప్పి ఇల్లు కదలడం మానేస్తాడు.

ఇక్కడే కుటుంబానికి పరీక్ష. ఇంటిల్లిపాదీ ఆ మూగజీవిని ప్రేమించారు. పిల్లలు దానితో ఆడుకున్నారు. తిరిగి పంపితే పెద్దాయన ఓడిపోయాడంటారేమో, బడివారు మరొకటి ఇవ్వరేమో అని సంగతి దాచిపెడతారు. దాచడం మంచిది కాదని మా అభిప్రాయం. ఒకరికి సరిపడని కుక్క మరొకరికి చక్కగా సరిపడవచ్చు. ఒక కుక్కతో నడవలేనివాడు మరొకదానితో హాయిగా నడవవచ్చు. పనికి ఇష్టపడని కుక్కను పనినుంచి తప్పించి మామూలు ఇంటికి ఇస్తారు. చాలా బడులలో దానిని పిల్లగా పెంచిన కుటుంబాన్నే మొదట అడుగుతారు. సుమారు ఏడాదిపాటు పెంచి కన్నీళ్లతో పంపినవారికి అది తిరిగి వస్తే ఆ ఇంట ఎంత సంబరమో ఊహించుకోవచ్చు.

అమెరికాలో ఉన్న కొడుకు, కొత్తగూడలో ఉన్న చూపులేని తండ్రికి ఇలాంటి కుక్కను పంపాలనుకున్నాడనుకుందాం. ఇక్కడ జత ఇద్దరిది కాదు, ముగ్గురిది. మూడవది వీధి. 2023లో కొత్తగూడ వంతెన తెరిచారు. పైన బండ్లు, కింద బొటానికల్ గార్డెన్ వైపు తిరిగే బస్సులు, ఆటోలు. వంతెన కింద చప్పుళ్లు కలిసిపోతే ఏ బండి ఎటునుంచి వస్తున్నదో చెవికి అందడం కష్టం. కాలిబాట మీద స్కూటర్లు, టిఫిన్ బండ్లు ఉంటే రోడ్డు మీదికి దిగక తప్పదు. అక్కడ వీధికుక్కలు కొత్తదానిని ఊరికే పోనిస్తాయా? మే నెల మధ్యాహ్నం తారురోడ్డు దాని పాదాలను కాల్చదా? అమెరికాలో వాహనాలు కుడివైపున పోతాయి, ఇక్కడ ఎడమవైపున. అక్కడ ఎంత మంచి కుక్క అయినా ఇక్కడ మళ్లీ నేర్చుకోవలసిందే. పైగా జత చెడితే తిరిగి తీసుకునేవారు దగ్గరలో ఉండాలి గదా.

అలాంటి ఏర్పాటు లేనిచోట తెల్లకర్రే నయం. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలో వైద్యంతోపాటు, చూపు తిరిగిరానివారికి పునరావాస సేవలు కూడా ఉన్నాయి. కర్రతో నడక నేర్చుకోదలచినవారు అక్కడ విచారించవచ్చు. ఇంట్లోవారు తోడు వెళ్లేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని లాగకండి. మీ మోచేయి పైభాగాన్ని వారిని పట్టుకోనిచ్చి, అర అడుగు ముందు నడవండి. మెట్టు వచ్చేముందు ఆగి చెప్పండి. వేగం మీది కాదు, వారిది.