రికార్డు పాడాలంటే ముల్లు కుదరాలి



మన అవ్వాతాతల కాలంలో పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు మైకుసెట్టు వాళ్ళు వేసింది రికార్డులే. నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు మీ ఊళ్ళో ఎవరి అటక మీదనైనా పాత ప్లేయరు ఉంటే, అది సరిగా పాడడం లేదని పాత సామాన్లవాడికి వేయకండి. లోపం చాలాసార్లు ముల్లు దగ్గరే ఉంటుంది.

రికార్డు మీది సన్నని గాడి గోడలు అలల్లా ఉంటాయి. ముల్లు ఆ అలల వెంట కదులుతుంది. ఆ కదలికను కార్ట్రిడ్జ్ విద్యుత్తుగా మారుస్తుంది. ఆంప్లిఫయరు దాన్ని పెంచి స్పీకరుకు పంపుతుంది.

ముందు రికార్డు ఏదో చూసుకోవాలి. 1957లో వచ్చిన 'మాయాబజార్' పాటలు నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డుల మీద వచ్చాయి. వాటి గాడి వెడల్పు. ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 0.075 మిల్లీమీటర్లు ఉండాలి. ఘంటసాల భగవద్గీత వంటి ఎల్పీలు 33⅓ సార్లు తిరుగుతాయి. వాటికి సుమారు 0.018 మిల్లీమీటర్ల మొన చాలు. ఒకదాని ముల్లు ఇంకొకదానికి వాడితే రొద వస్తుంది, గాడీ చెడుతుంది.

ఇక బిగించే పద్ధతి:

1. ప్లేయరును కదలని బల్ల మీద మట్టంగా పెట్టాలి.

2. కార్ట్రిడ్జ్ వెనుక నాలుగు తీగలుంటాయి. సాధారణంగా తెలుపు, నీలం ఎడమవైపువి. ఎరుపు, ఆకుపచ్చ కుడివైపువి. ముల్లుకు తొడుగు ఉంచి, పట్టకారుతో తొడగాలి. కార్ట్రిడ్జ్ పిన్నులకు నేరుగా టంకం వేయకూడదు. ఆ వేడికి లోపలిది కాలిపోతుంది.

3. తొడుగు తీసి, యాంటీ స్కేటింగ్‌ను సున్నాలో పెట్టి, వెనుక బరువును తిప్పుతూ పోతే ముల్లు చేయి కాటా ముల్లులా గాలిలో నిలుస్తుంది. అక్కడ బరువు అంకెలను సున్నాకు తిప్పి, తయారీదారు చెప్పినంత బరువు పెట్టాలి. అయస్కాంతం రకానికి ఎక్కువగా 1.5 నుంచి 3 గ్రాములు. పాత స్ఫటికం రకానికి ఇంకా ఎక్కువ.

4. ముందునుంచి చూస్తే కార్ట్రిడ్జ్ నిటారుగా, పక్కనుంచి చూస్తే చేయి రికార్డుకు సమాంతరంగా ఉండాలి. గీతలున్న కొలత కాగితం పెట్టి, లోపలా బయటా రెండు చోట్లా కార్ట్రిడ్జ్ గీతకు సరిపోయేలా మరలు బిగించాలి.

5. చివరగా యాంటీ స్కేటింగ్‌ను ముల్లు బరువు అంకెకే తిప్పాలి.

ముల్లు ఎగురుతుంటే కొందరు చేతి మీద రూపాయి బిళ్ళ పెడతారు. 2011లో వచ్చిన రూపాయి 3.79 గ్రాములు. 2 గ్రాములు మోయాల్సిన ముల్లు మీద దాదాపు 6 గ్రాములు పడుతుంది! బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం అని హైస్కూల్లో చదివాం కదా. ముల్లు మొన వైశాల్యం ఎంత? అందుకే ఆ బిళ్ళ గాడిని దున్నేస్తుంది.

అలాగని బరువు తగ్గిస్తే రికార్డు అరగదనుకోవద్దు. తేలికైన ముల్లు గాడిలో ఎగిరెగిరి గోడలను కొడుతుంది. 'స', 'శ' అక్షరాలు గరగరమంటే అదే గుర్తు. రికార్డును కాపాడేది తక్కువ బరువు కాదు, సరైన బరువు.

ఆళ్ళగడ్డ శిల్పులను చూడండి. ఉలి వాలు తప్పితే పోయిన పెచ్చు మళ్ళీ రాయికి అతకదు. గాడిలో చెరిగిన పాట కూడా అంతే. ఆ రికార్డు మళ్ళీ దొరకకపోవచ్చు. కాబట్టి ముల్లు దించేముందు ఒక్క పది నిమిషాలు కొలవండి. ఆ పాట మీ పిల్లలూ వింటారు.