కార్డ్‌లెస్ డ్రిల్లు కొంటున్నారా? ముందు బ్యాటరీ చూడండి

గోపాలపట్నంలో తలుపులు బిగించే వడ్రంగికైనా, పల్లెలో ఇల్లు బాగుచేసుకొనే రైతుకైనా కరెంటు లేనిచోట కార్డ్‌లెస్ డ్రిల్లు మంచి తోడు. అయితే కొన్నేళ్లకు డ్రిల్లు బాగానే ఉండి, బ్యాటరీ నీరసిస్తుంది. కష్టార్జితం వృథా కాకుండా కొన్ని సంగతులు తెలిసికొందాము.

కొనేటప్పుడు: పెట్టెమీద '20 వోల్టులు' అని ఉన్నా, '18 వోల్టులు' అని ఉన్నా సాధారణంగా రెండూ ఒక్కటే. లోపల 3.6 వోల్టుల లిథియం సెల్లులు 5 వరుసగా ఉంటాయి. నిండా చార్జి అయినప్పటి లెక్క 20, పనిలో ఉన్నప్పటి లెక్క 18. ఆ అంకె కోసం ఎక్కువ డబ్బు ఇవ్వనక్కరలేదు. బ్యాటరీ విడిగా దొరుకుతుందా, ధర ఎంత అని అడిగిన తరువాతే డ్రిల్లు కొనండి. రోజంతా స్లాబుకు రంధ్రాలు వేసేవారికి వైరుతో నడిచే హామర్ డ్రిల్లే మేలు.

వాడేటప్పుడు: లిథియం బ్యాటరీకి వేడి పడదు. ఎండలో నిలిపిన బండి డిక్కీలో ఉంచవద్దు. వేడెక్కితే చల్లారిన తరువాతే చార్జికి పెట్టండి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో నీడపట్టున దాచండి.

చెడినప్పుడు: జోడెడ్లలో ఒకటి కుంటితే నాగలి సాగనట్లు, ఒక్క సెల్లు బలహీనపడినా బ్యాటరీ అంతా మొరాయిస్తుంది. ఉబ్బినదానిని విప్పవద్దు, చార్జి చేయవద్దు. పాత నికెల్-కాడ్మియం చార్జరుతో లిథియం బ్యాటరీని చార్జి చేస్తే నిప్పంటుకొనవచ్చు.

పాడైనదానిని చెత్తలోను, చెరువులోను పారవేయకండి. కాడ్మియం విషపదార్థము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కనుక కొనే రోజుననే, పాతది ఎక్కడ ఇవ్వాలో దుకాణదారుని అడిగి తెలిసికొనండి.