నెమ్మదిగా మీటితేనే వేగం!

అరసవల్లిలో ఓ కుర్రాడు ముచ్చటపడి గిటార్ కొనుక్కున్నాడనుకుందాం. మొదటివారం ఒకటే ఉత్సాహం. రెండోవారానికి వేళ్ల కొనలు మంట. ఆపైన సినిమా పాటలో విన్న బిట్‌ని అంతే వేగంగా వాయించబోతే ఎడమచేయి ఒక దారి, కుడిచేయి మరో దారి! నాలుగు నెలలు తిరక్కుండానే గిటార్ బీరువా ఎక్కేస్తుంది. తన వేళ్లకు సంగీతం రాసిపెట్టి లేదనుకుంటాడు కుర్రాడు. నిజానికి తప్పు వేళ్లది కాదు, తొందరది.

దీనికి మందు దగ్గర్లోనే ఉంది. విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి ఏకాండీ వీణలు చేస్తారు. వీణ పట్టిన పిల్లలతో గురువులు ముందు సరళీ స్వరాలు వాయిస్తారు. అవే స్వరాలు మూడు కాలాల్లో... తాళం దెబ్బకి ఒకటి, తరవాత రెండు, ఆ తరవాత నాలుగు. మొదటి కాలం తేటగా పలక్కుండా రెండోదాని జోలికి పోనివ్వరు.

గిటార్‌కీ అంతే. చూపుడువేలు మొదటి మెట్టు దగ్గర, మధ్యవేలు రెండు, ఉంగరంవేలు మూడు, చిటికెనవేలు నాలుగు. ఒక్కో తీగ మీదా ఇదే వరస. మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, దెబ్బకో స్వరం వాయించాలి. మెట్టుకి ఆనుకుని కాస్త వెనక నొక్కితే తక్కువ బలం చాలు. పని లేని వేళ్లు గాల్లోకి లేవకుండా తీగల దగ్గరే ఉండాలి. ఇక్కడ మొరాయించేది ఉంగరంవేలే. దాని వెనకున్న స్నాయువులు పక్కవేళ్ల వాటితో ముడిపడి ఉంటాయి మరి. వీణకి ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్లే ముఖ్యం కాబట్టి ఈ బాధ తక్కువ!

చూసేవాళ్ల కళ్లన్నీ ఎడమచేతి గారడీ మీదే. నాదం పుట్టేది మాత్రం కుడిచేత్తో. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్ విని, ఆదిభట్ల నారాయణదాసు ఆయన్ని ఏకంగా ఆచార్యుణ్నే చేశారంటారు. నాయుడిగారి కమాను పట్టు గురించి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. గిటార్‌లో ఆ కమాను స్థానం పిక్‌ది. బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య పట్టుకుని, కొన మాత్రమే బయటికి కనిపించాలి. ఒకసారి కిందికి, ఒకసారి పైకి... వరస తప్పకూడదు. కదలాల్సింది మణికట్టు, భుజం కాదు. వీణ మీద చూపుడు, మధ్య వేళ్లు వంతులవారీగా మీటుతాయే, అలాగన్నమాట.

స్వరం చెడకపోతేనే మెట్రోనోమ్‌ని నాలుగైదు దెబ్బలు పెంచాలి. చెడితే మళ్లీ వెనక్కి. ఆదివారం మూడు గంటలు కూర్చోవడంకన్నా రోజూ ఓ పావుగంట మేలు. వేళ్ల కొనల మంటకి భయపడక్కర్లేదు, కొన్ని వారాల్లో చర్మం కాయకట్టి సర్దుకుంటుంది. మణికట్టు నొప్పి, వేళ్ల తిమ్మిరి అలా కాదు. అవి కనిపిస్తే గిటార్ పక్కనపెట్టి, తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాల్సిందే.